తాళంచెవి కొనే ముందు



తిరునాళ్ళలో డేరా ముందు టిక్కెట్టు కొని లోపలికి వెళ్ళడం మనందరికీ తెలిసినదే. మొదటివాడికీ, వందోవాడికీ ఒకటే ధర. నేడు సెల్‌ఫోనులో కొత్త రకం డేరాలు వెలిశాయి. అక్కడ రాతలకు, బొమ్మలకు, సంభాషణలకు తాళం వేసి ఉంటుంది. డబ్బు చెల్లించినవారికే అవి తెరుచుకుంటాయి. ఈ వారం వాటిని గురించి తెలుసుకుందాం.

ఇది ఎలా పనిచేస్తుంది?

రాతను మొదట రహస్య లిపిలోకి మారుస్తారు. తాళంచెవి లేనివారికి అది అర్థంలేని అక్షరాల కుప్ప. ఎవరు డబ్బు చెల్లించారన్నది 'బ్లాక్‌చెయిన్' అనే పద్దు పుస్తకంలో నమోదవుతుంది. ఈ పుస్తకం ఒక్కరి దగ్గరే ఉండదు. దాని ప్రతులు అనేక కంప్యూటర్లలో ఉంటాయి. అందుచేత ఒకసారి ఎక్కిన పద్దును కొట్టివేయడం దాదాపు అసాధ్యం. దొంగలెక్కలకు ఇది అడ్డుకట్టే. కాని పొరపాటున పంపిన డబ్బును వెనక్కి ఇప్పించే బ్యాంకు మేనేజరు కూడా అక్కడ ఉండడు.

ఒక ఉదాహరణ

2023 ఆగస్టులో 'ఫ్రెండ్.టెక్' అనే వేదిక మొదలైంది. ఒకరి ఆంతరంగిక సంభాషణలో చేరాలంటే వారి 'తాళంచెవి' కొనాలి. ధర ఈథర్ అనే క్రిప్టో నాణెంలో ఉండేది. అప్పటికి అమ్ముడైన చెవుల సంఖ్యను అదే సంఖ్యతో గుణించి, 16,000తో భాగిస్తే వచ్చేదే ధర. 10 చెవులు అమ్ముడై ఉంటే తరువాతి చెవి 0.00625 ఈథర్, 100 అమ్ముడై ఉంటే 0.625 ఈథర్. జనం పది రెట్లయితే ధర నూరు రెట్లు! జనం అమ్ముకోవడం మొదలుపెడితే ధర వచ్చిన మెట్లమీదుగానే దిగేది. కొన్నా, అమ్మినా 10 శాతం రుసుము: సగం నిర్వాహకులకు, సగం ఆ సంభాషణ యజమానికి.

కొద్ది నెలల్లోనే సందడి తగ్గింది. 2024 సెప్టెంబరులో నిర్వాహకులు ఆ ఏర్పాటుపై తమ అధికారాన్నే వదులుకున్నారు.

మనం గ్రహించవలసినది

రచయితగాని, గాయకుడుగాని తన శ్రమకు వెల అడగడం తప్పు కాదు. మనం పత్రికకు చందా కట్టడం లేదా? అయితే తరువాతి చందాదారు తనకంటే ఎక్కువ కట్టాలని ఏ చందాదారూ కోరుకోడు. ఇక్కడ ముందు చేరినవారికి లాభం రావాలంటే అది వెనుక వచ్చేవారి జేబులోనుండే రావాలి. అప్పుడు మిత్రుణ్ణి పిలిచే పిలుపులో కూడా బేరం దాగి ఉంటుంది. చదువుకోవడానికి కొంటే అది చందా. ఎక్కువకు అమ్ముకోవడానికి కొంటే అది పందెం.

మరొక మాట. మన దేశంలో క్రిప్టో లాభాలపై 2022 ఏప్రిల్ 1 నుండి 30 శాతం పన్ను ఉంది. ఒకదానిలో వచ్చిన నష్టాన్ని మరొకదాని లాభంలో తగ్గించుకోనివ్వరు.

ఇంట్లో కలసి మాట్లాడుకొనుటకు

1. లోపల ఏముందో చూడకుండా ఎంతవరకు చెల్లించవచ్చు?
2. నేను కొనేది చదవడానికా, అమ్మడానికా?
3. ఈ డబ్బు మొత్తం పోయినా ఇల్లు, పిల్లల చదువు సాగుతాయా?
4. ఈ సంగతి ఇంట్లో చెప్పగలనా?

ఇంట్లో చెప్పలేని తాళంచెవిని కొనకపోవడమే మేలు.