ప్రశ్నల గంటలో విదేశాంగమంత్రి

లోకసభలో ప్రశ్నల గంట సాధారణముగా ఉదయము 11 గంటలకు ప్రారంభమగును. ప్రశ్న వేయగోరు సభ్యుడు 15 దినములు ముందుగా దానిని వ్రాసి పంపవలెను. నక్షత్రపు గుర్తు గల ప్రశ్నకు మంత్రి లేచి నోట బదులు చెప్పును. గుర్తు లేనిదానికి వ్రాతమూలకమైన యుత్తరమే చాలును. మంత్రికి చిక్కు మొదటిదానియందే గలదు. ఏలయన, ఉత్తరము ముగియగానే సభ్యులు వేయు ఉపప్రశ్నలు ఆయనకు ముందుగా తెలియవు.

కరీంనగరు ప్రాంతమునుండి గల్ఫు దేశమునకు కూలికి పోయినవాడొకడు అచట చెరసాల పాలయ్యెననుకొందము. వానిని విడిపింతురాయని సభ్యుడడుగును. విడిపింతునని మంత్రి చెప్పజాలడు. పరదేశపు న్యాయస్థానము ఆయన యాజ్ఞకు లోబడదు గదా! అయితే 1963వ సంవత్సరపు వియన్నా ఒడంబడికలోని 36వ అధికరణము ప్రకారము, ఖైదీ కోరినచో ఆ సంగతి మన కాన్సలునకు ఆలస్యము లేక తెలుపవలెను. కాన్సలు వానిని చూడవచ్చును, న్యాయవాదిని కుదుర్పవచ్చును. "మా యధికారి వానిని చూచెను" అను మంత్రి మాట మనకు చప్పగా దోచును. ఇంటివారికి మాత్రము అది కొడుకు బ్రతికియున్నాడను వార్త.

మంత్రి మాటలు నమలునని పత్రికలు పరిహసించుట కలదు. సభలో నొక పరుషవాక్యము పలికిన, దాని ఫలము చెరలోనున్నవాడే యనుభవింపవలసివచ్చునేమోయని మాకు తోచుచున్నది. ప్రశ్న వచ్చినపుడు శాఖవారు రాయబారి కార్యాలయమునకు వ్రాసి సంగతులు తెప్పింపవలెను. అంతదనుక బీరువాలో నున్న కాగితము అప్పుడు బల్లమీదికి వచ్చును.