ర్యాలీ కారు – సాంకేతిక నిపుణుడు

పాఠ్యభాగ ఉద్దేశం: చేతిపనికీ మేధాశక్తికీ మధ్య అడ్డుగోడ లేదని, ఏ వృత్తికైనా నిజాయితీయే పునాది అని విద్యార్థులు గ్రహించేటట్లు చేయడం.

ఆలయాన్ని దర్శించేవారికి గోపురం కనిపిస్తుంది గాని, దానిని మోసే పునాది కనిపించదు. క్రీడారంగంలోనూ అంతే. విజేత మెడలో పూలదండ పడుతుంది. అతని విజయానికి ఆధారమైన శ్రమ చాలావరకు తెరవెనుకనే ఉండిపోతుంది. ర్యాలీ కార్ల పోటీలలో అటువంటి పునాదిరాయి వంటివాడు ట్రాన్స్‌మిషన్ సాంకేతిక నిపుణుడు. ఇంజన్‌లో పుట్టిన శక్తిని చక్రాలదాకా చేర్చే యంత్రభాగాల బాధ్యత అతనిది.

సాధారణ కారు పందెంలో వాహనాలన్నీ ఒకే బాటపై చుట్టూ తిరుగుతాయి. ర్యాలీ అందుకు భిన్నమైనది. అడవి దారులు, కంకర బాటలు, మంచు కప్పిన కొండమలుపులు దీనికి రంగస్థలాలు. కార్లు ఒకదాని తరువాత ఒకటిగా బయలుదేరుతాయి. డ్రైవరు ప్రక్కన సహచరుడు కూర్చుని, రాబోయే మలుపుల వివరాలను చదివి వినిపిస్తూ ఉంటాడు. ప్రత్యేక దశలలో కాలాన్ని సెకనులో పదవవంతు వరకు లెక్కిస్తారు. ఒక దశకూ మరొక దశకూ నడుమ మామూలు రహదారిపై రవాణా నియమాలను పాటిస్తూ ప్రయాణించాలి.

మోంటీకార్లో ర్యాలీ 1911లోనే మొదలైంది. తూర్పు ఆఫ్రికాలో సఫారీ ర్యాలీ 1953లో ఆరంభమైంది. ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ 1973 నుండి జరుగుతున్నది. మన దేశంలో 1980లో హిమాలయన్ ర్యాలీ మొదలై ఎందరినో ఆకర్షించింది. 1988 నుండి జాతీయ ర్యాలీ పోటీలు నిర్వహిస్తున్నారు. ర్యాలీ డ్రైవరు గౌరవ్ గిల్‌కు 2019లో అర్జున పురస్కారం లభించడంతో ఈ క్రీడకు జాతీయస్థాయి గౌరవం దక్కింది.

ఇంజన్ ఎంత బలమైనదైనా, ఆ బలం చక్రాలకు అందకపోతే కారు కదలదు. క్లచ్, గేర్‌బాక్స్, ప్రొపెల్లర్ షాఫ్ట్, డిఫరెన్షియల్, డ్రైవ్ షాఫ్ట్‌లు ఆ బలాన్ని ఒకదాని నుండి మరొకదానికి అందిస్తాయి. వీటన్నింటినీ కలిపి ట్రాన్స్‌మిషన్ అంటారు. మలుపులో బయటివైపు చక్రం ఎక్కువ దూరం, లోపలివైపు చక్రం తక్కువ దూరం నడుస్తాయి. ఆ రెండూ వేరువేరు వేగాలతో తిరిగేందుకు వీలు కల్పించేది డిఫరెన్షియల్. అయితే ఒక చక్రం బురదలో జారితే, మామూలు డిఫరెన్షియల్ వల్ల రెండవ చక్రానికి కూడా తగినంత బలం అందదు. అందుచేత ర్యాలీ కారులో ఆ జారుడును అదుపుచేసే ప్రత్యేక డిఫరెన్షియల్‌ను అమరుస్తారు. దానిని నేలకు తగినట్లు సరిచేయడం ఈ నిపుణుని విద్యలో ముఖ్యభాగం.

గేర్‌బాక్స్‌లోనూ భేదం ఉంది. మన కార్లలో గేర్ల వేగాలను సమానం చేసి మెల్లగా కలిపే అమరిక ఉంటుంది. ర్యాలీ కారులో ఆ మృదుత్వానికి వ్యవధి లేదు. బలమైన ఉక్కు పళ్లు క్షణంలో ఒకదానినొకటి పట్టుకుంటాయి. గేర్ల పళ్లను తిన్నగా కోయడం వలన అవి పెద్దగా రొదచేస్తాయి. కాని భారాన్ని బాగా తట్టుకుంటాయి. మీటను ముందుకో వెనుకకో లాగితే గేర్లు వరుసక్రమంలో మారుతాయి.

ఈ భాగాలకు కలిగే శ్రమ సామాన్యమైనది కాదు. మిట్టపై నుండి కారు గాలిలోకి ఎగిరినపుడు నేల పట్టులేని చక్రాలు విపరీతమైన వేగంతో తిరుగుతాయి. మరుక్షణం నేలను తాకగానే ఆ వేగానికి ఒక్కసారిగా అడ్డుకట్ట పడుతుంది. ఆ తాకిడి డ్రైవ్ షాఫ్ట్‌ల గుండా గేర్ల పళ్ల వరకు చేరుతుంది. దానికి ధూళి, నీరు, వేడి తోడవుతాయి.

ట్రాన్స్‌మిషన్‌లో వచ్చిన ఒక మార్పు ర్యాలీ చరిత్రనే మలుపు తిప్పింది. నాలుగు చక్రాలకూ శక్తిని అందించే ఆడి క్వాట్రో కారు 1981లో ప్రపంచ ర్యాలీలలో ప్రవేశించింది. బరువు ఎక్కువైనా, జారుడు నేలపై దానికి ఉన్న పట్టు సాటిలేనిది. ఆ ఏడాదే మిషెల్ మూటాన్ అనే ఫ్రెంచి మహిళ, ఫాబ్రిజియా పాన్స్ సహచారిణిగా, ఆ కారులో ఇటలీలోని సాన్‌రెమో ర్యాలీని గెలిచింది. ప్రపంచ ర్యాలీని గెలిచిన తొలి మహిళా డ్రైవరు ఆమెయే. రెండు చక్రాలకే శక్తినిచ్చే కార్లకు తయారీదారుల ఛాంపియన్‌షిప్ దక్కడం 1983తో ముగిసింది.

ఈ నిపుణుని నైపుణ్యానికి అసలైన పరీక్ష సర్వీస్ పార్కులో జరుగుతుంది. ఒక సాయంకాల దృశ్యాన్ని ఊహించుకోవచ్చు. బురదతో నిండిన కారు గుడారం క్రిందికి వస్తుంది. మూడవ గేరు పట్టు తప్పుతున్నదని డ్రైవరు చెబుతాడు. ప్రపంచ పోటీలలో సాయంకాలపు మరమ్మతులకు చాలాకాలంగా 45 నిమిషాల గడువు ఉంటున్నది. గడువు దాటితే నిమిషానికి 10 సెకన్ల చొప్పున శిక్షాకాలం కలుస్తుంది. సెకనులో పదవవంతుతో జయాపజయాలు తేలే పోటీలో అది పెద్ద నష్టం.

నిపుణుడు మొదట నూనెను పరిశీలిస్తాడు. గేర్‌బాక్స్ అడుగున ఉండే అయస్కాంతపు బోల్టుకు సన్నని బూడిదరంగు పొడి అంటుకుని ఉంటే అది సహజమైన అరుగుదల. ఉక్కుముక్కలు కనిపిస్తే ఏదో పన్ను విరిగిందన్నమాట. అటువంటపుడు గేర్‌బాక్స్‌ను మార్చక తప్పదు. అడుగు కవచాన్ని విప్పాలి, షాఫ్ట్‌లను తప్పించాలి, సలసల కాగే గొట్టాల నడుమ చేతులు పెట్టి బరువైన గేర్‌బాక్స్‌ను దించాలి, మరొకదానిని ఎక్కించాలి. ప్రతి బోల్టునూ నిర్ణీత బలంతో టార్క్ రెంచ్‌తో బిగించి, బిగించినదానిపై రంగుతో గుర్తు పెట్టాలి.

“ఆలస్యం అమృతం విషం” అని ఒక సామెత. “నిదానమే ప్రధానం” అని మరొకటి. ఈ నిపుణుడు రెండింటినీ ఒకేసారి పాటించవలసినవాడు. చేతులు వేగంగా కదలాలి. మనస్సు నిలకడగా ఉండాలి. ఈ నిలకడ ఒక్కనాటిలో అలవడేది కాదు. కార్యశాలలో అదే పనిని వందలసార్లు అభ్యసించినవానికే అది సాధ్యం. గేర్ల మధ్య సందును మిల్లీమీటరులో నూరవవంతు వరకు కొలిచి, పలుచని లోహపు వలయాలతో సరిచేసే ఓర్పు కూడా అక్కడే అలవడుతుంది.

గడువు ముగియడానికి రెండు నిమిషాలున్నది. ఒక బోల్టును తాను బిగించానో లేదో అతనికి సందేహం కలిగింది. రంగు గుర్తు మసకగా ఉన్నది. మౌనంగా ఉంటే కారు సకాలంలో వెళుతుంది, తప్పు బయటపడకపోవచ్చు. నోరు విప్పితే జట్టుకు శిక్షాకాలం పడవచ్చు. అందరి ముందు చిన్నబోవలసి వస్తుంది. కాని ఆ కారులో ఇద్దరు మనుషులున్నారు. లోయ అంచున దూసుకుపోయేటపుడు వారి ప్రాణాలు అతడు బిగించిన బోల్టుపైనే ఆధారపడి ఉంటాయి. మంచి నిపుణుడు “ఆగండి, ఇంకొకసారి చూడాలి” అంటాడు. ఆ మాట అనగలగడమే అతని వృత్తిధర్మం. అలా అన్నవానిని నిందించకుండా గౌరవించడం మంచి జట్టు లక్షణం.

ఒక్క లోహపు ముక్క ఎంత పని చేయగలదో 1998 బ్రిటన్ ర్యాలీ చాటింది. కార్లోస్ సెయింజ్ చివరి దశ ముగింపుకు కొన్ని వందల మీటర్ల దూరంలో ఉండగా ఇంజన్ చెడిపోయి కారు నిలిచిపోయింది. చేతికందిన ప్రపంచ విజేత స్థానం జారిపోయింది. యంత్రానికి జాలి లేదు. అందులోని ప్రతి భాగమూ ముఖ్యమైనదే.

ఈ వృత్తిని చేపట్టదలచినవారికి ఐ.టి.ఐ.లలోని రెండేళ్ల మోటారు మెకానిక్ శిక్షణ, పాలిటెక్నిక్‌లలోని మూడేళ్ల ఆటోమొబైల్ ఇంజనీరింగ్ డిప్లొమా చక్కని ద్వారాలు. భౌతికశాస్త్రంలో చదివే భ్రామకం, ఘర్షణ, కోణీయ వేగం గేర్‌బాక్స్‌లో కంటికి కనిపిస్తాయి. అయితే పట్టా ఒక్కటే చాలదు. పెద్ద పనివారి వద్ద ఉండి నేర్చుకోవాలి. ఈ రంగంలో అవకాశాలు పరిమితం. ప్రయాణాలు, రాత్రి మేలుకొలుపులు అధికం. కాని ఇక్కడ నేర్చిన సూక్ష్మత వాహన పరిశ్రమలో మరెక్కడికి వెళ్లినా అక్కరకు వస్తుంది. ఈ విద్యకు స్త్రీ పురుష భేదం లేదు.

పోటీ ముగిసిన రాత్రి విజేత వేదికపై నిలుస్తాడు. అతని సాంకేతిక నిపుణుడు గుడారంలో పనిముట్లను తుడిచి, లెక్కచూసి, పెట్టెలో సర్దుతూ ఉంటాడు. చప్పట్లు అతనికి దూరంగా వినిపిస్తాయి. తాను బిగించిన బోల్టులన్నీ చివరివరకు నిలిచాయన్న తృప్తితో అతడు పెట్టె మూత వేస్తాడు.

కఠిన పదాలకు అర్థాలు
కార్యశాల = పనిచేసే చోటు, వర్క్‌షాపు
శిక్షాకాలం = తప్పు జరిగినపుడు అదనంగా కలిపే సమయం
భ్రామకం = తిప్పే బలం
వృత్తిధర్మం = వృత్తిలో పాటించవలసిన నీతి

వ్యాసరూప ప్రశ్నలు
1. ర్యాలీలో ట్రాన్స్‌మిషన్ భాగాలకు కలిగే శ్రమను, వాటిని సంరక్షించే విధానాన్ని వివరించండి.
2. “వేగమూ, నిలకడా కలిసినపుడే పని సఫలమవుతుంది.” పాఠం ఆధారంగా చర్చించండి.

సంక్షిప్త ప్రశ్నలు
1. డిఫరెన్షియల్ వలన ప్రయోజనమేమి?
2. ఆడి క్వాట్రో ప్రత్యేకత ఏమిటి?
3. సందేహం కలిగినపుడు మంచి నిపుణుడు ఏమి చేస్తాడు? ఎందుకు?