దాగిన హానికి సాక్ష్యము

"అయ్యగారూ, నలువది ఏండ్లుగా చుట్ట కాల్చుచున్నాను. నాకేమియు కాలేదు. ఈ వయస్సులో మానినందువలన లాభమేమి?" అని మన సంఘపు పెద్దగారు ఒకరు నన్నడిగిరి. ఈ రెండు మాటలను మనము నిదానముగా ఆలోచింతము.

"నాకేమియు కాలేదు" అను మాట మొదట చూడుడి. మన శరీరమందలి కణములలో డి.ఎన్.ఎ. అను పదార్థమున్నది. కణము ఎట్లు పనిచేయవలెనో ఆ ఆజ్ఞలు దానిలో వ్రాయబడియున్నవి. పొగ ఆ వ్రాతలోని అక్షరములను చెరుపుచున్నది. శరీరము చెడిన అక్షరమును తీసివేసి, మంచిదానిని అమర్చుకొనుచున్నది. తీసివేసిన తునకలు మూత్రముద్వారా వెలుపలికి పోవుచున్నవి.

పెంకుటింటిమీద కోతులు దుమికినప్పుడు పగిలిన పెంకులను తీసి పెరటిలో వేయుదుము. ఆ కుప్పను చూచినవాడు ఇంటిపైకి ఎక్కకయే నష్టమెంతో చెప్పగలడు గదా! మూత్రపరీక్షయు అట్టిదే. ఆ తునకలలో ఒకదాని పేరు 8-ఆక్సో-డీఆక్సీగ్వానోసిన్. డెన్మార్కు శాస్త్రజ్ఞులు 83 మందిని పరీక్షించి, సిగరెట్లు కాల్చువారి మూత్రములో ఈ తునక ఇతరులకంటె సుమారు 50 శాతము ఎక్కువగా నున్నదని 1992లో ప్రకటించిరి. ఆ 83 మందియు ఆరోగ్యవంతులే! ఇది క్యాన్సరు వచ్చినదని తెలుపు పరీక్ష కాదు. నొప్పియు దగ్గును లేని దినములలో సహితము లోపల హాని జరుగుచున్నదని పలుకు సాక్ష్యము. మరమ్మతులో తప్పిపోయిన అక్షరము కొన్నిసార్లు క్యాన్సరుకు మొదలగును. చుట్టపొగలోను, బీడీపొగలోను అట్టి విషములే కలవు.

ఇక "మానినందువలన లాభమేమి?" అను మాట. 1998లో ప్రకటింపబడిన మరియొక డెన్మార్కు పరిశోధనలో, పొగ మానినవారికి నాలుగు వారములలోనే ఈ తునక సుమారు అయిదవ వంతు తగ్గెను. పాత హాని యంతయు ఒక్కనాడే పోదు. అయితే క్రొత్త హాని తగ్గును. ఏండ్లు గడచినకొలది క్యాన్సరు భయమును తగ్గుచుండును.

కాబట్టి పెద్దగారితో నేనిట్లంటిని: "అయ్యా, పెంకులు మార్చు పనివాడు మీలో ఇంకను పని మానలేదు. మీరు కోతిని దింపుడి."

సహోదరులారా, దేహము దేవుని ఆలయమని పౌలు బోధించెను గదా. మీలో పొగ త్రాగువారు నాలుగు వారములు మాని చూడుడి. ఇంటివారు వారిని ఎగతాళి చేయక ధైర్యపరచుడి.