అవ్వ బొంత

పాఠ్యభాగ నేపథ్యం

అనంతపురం జిల్లాలో కళ్యాణదుర్గానికీ ఉరవకొండకూ నడుమనున్న మండల కేంద్రం బెళుగుప్ప. జిల్లా సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. ఆ కొద్దిపాటి వాన కూడా అదునుకు కురవడం అరుదు. వేరుశనగను నమ్ముకొన్న ఈ మెట్టసీమలో ఇంటి ఆడవారి చేతులలో తయారై, తల్లి నుండి కూతురికీ, అత్త నుండి కోడలికీ సంక్రమించిన వస్తువు బొంత. దానిని కుట్టే విధానాన్నీ, ఒక ఉగాదినాడు దాని విషయమై ఒక కుటుంబంలో కలిగిన సందిగ్ధాన్నీ ఈ పాఠంలో చదువుతారు.

పాఠం

ఉగాదికి రెండు రోజుల ముందే బెంగుళూరు నుండి వచ్చే బస్సులు క్రిక్కిరిసిపోతాయి. కట్టడాల పనికి వెళ్ళిన మేస్త్రీలు, వారివెంట ఇటుకలు మోసిన ఆడవారు, కాపలా ఉద్యోగాలు చేసుకొనేవారు, కంప్యూటరు కొలువులలో చేరిన పిల్లలు అందరూ ఒకరి భుజం మీద ఒకరు తూలుతూ ఊరు చేరుతారు. ఏడాదిలో అధికభాగం తాళం వేసి ఉండే ఇళ్ళ గడపలకు ఆ రెండు రోజులలో పసుపు పడుతుంది. హంద్రీ-నీవా పథకం పుణ్యమా అని కృష్ణాజలాలు మా మండలంలోని జీడిపల్లి జలాశయం దాకా వచ్చాయి. అయినా బెంగుళూరు బస్సుకు జనం తగ్గలేదు.

మా ప్రాంతంలో వలసపోయినవారు తప్పక తిరిగివచ్చే సందర్భాలు రెండు. ఒకటి ఉగాది, రెండవది పీర్ల పండుగ. నార్పల మండలం గూగూడులో కుళ్ళాయిస్వామి పీరును దర్శించడానికి హిందువులు, ముస్లిములు అనే భేదం లేకుండా జనం తరలివస్తారు. అధికమాసాలు లేని చాంద్రమానాన్ని అనుసరించేది కనుక పీర్ల పండుగ ఏటా సుమారు పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, కొన్నేళ్ళు విత్తనాల వేళ, కొన్నేళ్ళు కోతల వేళ వస్తుంది. ఉగాది మాత్రం ఎల్లప్పుడూ పొలంలో పని లేని ఎండాకాలపు తొలిరోజులలోనే వస్తుంది. మా ఇంట బొంతల పని ఉగాదితో ముడిపడడానికి కారణం ఇదే.

మా అవ్వ ఇల్లు మట్టిమిద్దె. పండుగనాడు ఆ ఇంటిలో ఇరవైమందికి తక్కువ కాకుండా ఉండేవారం. ఉదయం వేపపూత, బెల్లం. మధ్యాహ్నం ఓళిగలు, నెయ్యి. సాయంత్రం గుడి ముందర పంచాంగ శ్రవణం. రాబోయే సంవత్సరంలో వాన ఎన్ని తూములో, అందులో సముద్రంలో పడే భాగం ఎంతో, కొండల మీద ఎంతో, నేల మీద ఎంతో పంచాంగం లెక్క చెబుతుంది. అయ్యవారు ఆ పంక్తి దగ్గరకు వచ్చేసరికి గుడి ముందు దగ్గు కూడా వినబడేది కాదు. నేల వాటా కొంచెమేనని తెలియగానే మా తాత తువాలు దులుపుకొని లేచేవాడు. మరుసటి సంవత్సరం మళ్ళీ అందరికంటె ముందుగా వెళ్ళి కూర్చునేవాడు.

రాత్రి పిల్లలందరం మిద్దె మీద పడుకొనేవారం. చాపలున్నాయి, దుప్పట్లున్నాయి, జంబుఖానా ఉంది. కాని అందరికీ కావలసినది అవ్వ బొంతే. దాని మీద నలుగురికి మాత్రమే చోటు. ఆ నలుగురిలో ఉండడానికి మేము చేసిన పోట్లాటలు ఇప్పుడు తలచుకొంటే నవ్వు వస్తుంది.

బొంతను కుట్టడం చూడడానికి సులభం. ముందు ఒక పాత నూలుచీరను ఉతికి, గంజి పూర్తిగా పోగొట్టి, నేల మీద ముడుత లేకుండా పరుస్తారు. దాని మీద చిరిగిన పంచెలు, చొక్కాలు, లంగాలు విప్పి, ఎత్తుపల్లాలు లేకుండా ముక్కలు ముక్కలుగా పేరుస్తారు. పైన మరొక చీర కప్పి, నాలుగు అంచులూ లోపలికి మడుస్తారు. ఆపైన సూది పని. గోనెసంచులు కుట్టే దబ్బనం దీనికి పనికిరాదు, అది బట్టను చీలుస్తుంది. మామూలు సూది పొరలలో దిగదు. ఈ రెండింటికీ మధ్యస్థమైన సూది కావాలి. దారం కొనేవారు కారు. పాత చీరల అంచుల నుండి నూలుపోగులు లాగి, రెండు మూడు కలిపి తొడ మీద పేనేవారు. బొంతకు నాలుగు వైపులా నలుగురు కూర్చొని, వ్రేలెడు ఎడంతో వరుసలు వేస్తూ, అంచు నుండి నడుమకు కుట్టుకుంటూ వచ్చేవారు. కష్టమంతా ఆ వరుసలను సమానంగా నడపడంలో ఉంది. ఒకరు బిగించి లాగి, మరొకరు వదులుగా కుడితే బొంత ముడుచుకొనిపోతుంది. అందుచేత నలుగురి చేతులూ ఒక తీరున నడవాలి. మాటలు మాత్రం ఎవరి తీరున వారివి. మా ఇంటి చరిత్రలో సగం నేను విన్నది ఆ నాలుగు మూలల మధ్యనే.

కొత్తబట్టతో బొంత కుట్టరు. ఒంటిమీద అరిగి, అనేకసార్లు ఉతుకు తిని మెత్తబడిన బట్టే దానికి తగినది. పుట్టిన బిడ్డను మొదటగా పడుకోబెట్టేది కూడా పెద్దల పాతబట్టతో కుట్టిన చిన్న బొంత మీదనే. సంస్కృతంలో కంథ అన్నా, తెలుగులో బొంత అన్నా ఒకటే. అతుకుల బొంత ధరించిన యోగులు మన ప్రాచీన కావ్యాలలో కనిపిస్తారు. బెంగాలీలు కాంథా అంటారు, పొరుగున ఉన్న కన్నడిగులు కౌది అంటారు. పేరు ఏదైనా బట్టను చివరి పోగు వరకు వాడుకొనే ఇళ్ళలో పుట్టిన వస్తువే ఇది.

అవ్వకు తన బొంతలోని ప్రతి ముక్క పుట్టుపూర్వోత్తరాలూ తెలుసు. మిద్దె మీద మమ్ములను పడుకోబెట్టి చేతితో తడుముతూ చెప్పేది. చీకటిలో రంగులు కనబడవు గదా. ఆమె వ్రేళ్ళకే గుర్తు.

"ఇది మీ నాయన బడికి పోయిన నిక్కరు. ఇది మీ పెద్దత్త పెండ్లినాటి చీర. ఇది మీ తాత చొక్కా, ఎద్దులు అమ్ముకొనిన నాడు వేసుకొని పోయినాడు. మళ్ళా దాన్ని తొడగలేదు."

ఒకచోట పైబట్ట చినిగి, లోపల బూడిదవన్నె బట్ట కనిపించేది. అదేమిటని ఒకనాడు అడిగాను.

"అది మా అమ్మ బొంత నాయనా. ఆయమ్మ గంజికేంద్రానికి కట్టుకొని పోయిన చీర దాంట్లోనే ఉంది."

1952 ప్రాంతంలో రాయలసీమను తీవ్రమైన కరువు పీడించినప్పుడు ప్రజల ప్రాణాలు నిలపడానికి గంజి కేంద్రాలు వెలిశాయి. పాత్ర చేతబట్టుకొని వరుసలో నిలబడిన ఆ స్త్రీ ఛాయాచిత్రం మా ఇంట లేదు. ఆమె పేరున చెక్కిన రాయి ఎక్కడా లేదు. ఆమె చీర మాత్రం మా వీపుల కింద ఉన్నదని ఆ రాత్రి నాకు తెలిసింది. బొంత చిరిగితే పారవేయరు. దానినే లోపలి పొరగా ఉంచి, ఆ తరం వారి చీరలు అడుగునా పైనా తొడిగి మళ్ళీ కుడతారు. తల్లి బొంత కూతురి బొంత కడుపులోకి పోతుంది. నగవలె పెట్టెలో దాచితే నిలిచే వస్తువు కాదిది. వాడి, అరగదీసి, మళ్ళీ కప్పుకుంటూపోతేనే మిగులుతుంది. అయితే ఇందులో ఒక చిక్కున్నది. పైపొర వేసిన ప్రతిసారీ కింది తరం కనుమరుగవుతుంది.

మా పొరుగింటి కురుబవారికి బొంతకంటె కంబళి ముఖ్యం. తమ గొర్రెల బొచ్చునే కత్తిరించి, ఆడవారు వడకగా, పడుగుకు చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గం మీద నేసిన నల్లకంబళి అది. వానలో ముసుగు, చలిలో కప్పుగుడ్డ, పొలంలో పరుపు, పూజలో పీట అన్నీ అదే. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్లు అనే సామెత పట్టణవాసులకు పుస్తకాలలోని మాట. ఆ ఇంటి పెద్దాయనకు నిత్యానుభవం. మాంసం కొరకు పెంచే బొచ్చులేని గొర్రెలు ఎక్కువైనకొద్దీ నల్లబొచ్చు గొర్రెలు తగ్గాయి. వాటితోపాటు మగ్గాలూ తగ్గాయి.

బొంతకు వచ్చిన ఆపద వేరు. పాతబట్టలకు స్టీలు సామాన్లు ఇస్తామని వీధిలో కేక వినబడడం మొదలైన తరువాత పాతచీర ఇంట్లో నిలవలేదు. మా చిన్నమ్మ ఒకనాడు మూటెడు నూలుచీరలు వేసి పెద్ద డబ్బా తీసుకొన్నది. ఆమెను తప్పుపట్టలేను. ఆ డబ్బాలో నేటికీ రాగిపిండి పోసుకొంటున్నారు. ఇక కొత్తగా కట్టేవి పాలిస్టరు చీరలు. అవి చిరగవు, మెత్తబడవు, చెమట పీల్చవు. పొర మీద పొర నిలవక జారిపోతాయి. బొంత కుట్టేవారు లేకపోవడానికి ముందే బొంతకు తగిన బట్ట లేకుండా పోయింది.

ఇటువంటి వస్తువులకు లోకంలో మరోవిధమైన గౌరవం కూడా దొరికింది. బెంగాలీ కవి జసీముద్దీన్ 1929లో ప్రచురించిన నక్షీ కాంథార్ మాఠ్ కావ్యంలో భర్తకు దూరమైన పల్లెపడుచు తన జీవితమంతా ఒక కాంథా మీద కుట్టి, దానిని తన సమాధి మీద పరవమని కోరుతుంది. అమెరికాలోని అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే ఊరున్నది. అక్కడి నల్లజాతి స్త్రీలు బానిసలుగా బ్రతికినవారి సంతతి. పనిబట్టలు చింపి బొంతలు కుట్టుకొన్నారు. వారిలో మిస్సూరి పెట్‌వే అనే ఆమె మరణించిన భర్త పనిబట్టలతో 1942లో కుట్టిన బొంత ప్రసిద్ధమైనది. 2002లో హ్యూస్టన్ నగరపు కళాప్రదర్శనశాలలో ఆ ఊరి బొంతలను గోడలకు వేలాడదీశారు. 2006లో వాటి బొమ్మలతో తపాలా బిళ్ళలు వెలువడ్డాయి. చలికి కప్పుకొన్న బట్ట చిత్తరువువలె గోడనెక్కడం మంచిదో కాదో నేను చెప్పలేను. ఆ ప్రశ్న మా ఇంటికి కూడా వచ్చింది.

ఒక మాఘమాసంలో అవ్వ కన్నుమూసింది. ఆచారం ప్రకారం ఆమె బట్టలన్నీ ఇచ్చివేశారు. ఒక్క నీలిరంగు నూలుచీర మాత్రం మిగిలింది. "ఇది ఎవరికీ ఇయ్యొద్దు, బొంతకు పెట్టినా" అని ఆమె ముందే పెద్దత్త చేతిలో ఉంచిందట. ఏటిసూతకం వల్ల ఆ ఉగాదికి మా ఇంట ఓళిగలు చేయలేదు. మనుషులు మాత్రం అందరూ వచ్చారు.

మధ్యాహ్నం పెద్దత్త బొంతనూ ఆ చీరనూ నడవలో పరచింది. చిన్నాయన కూతురు, నా చెల్లెలు, బెంగుళూరులో చదువుకొన్నది. ఆమె అడ్డుపడింది.

"అత్తా, దీనిమీద ఇంకో చీర వేస్తే ఈ ముక్కలన్నీ లోపలికి పోతాయి గదా. అవ్వ చేత్తో కుట్టింది మళ్ళా ఎప్పుడూ కనబడదు. అద్దాల చట్రంలో బిగించి గోడకు పెడదాం."

"గోడకు పెడితే ఏమొస్తుంది పాపా? గోడకు చలి పెడుతుందా?"

అందరూ నవ్వారు. చెల్లెలు నవ్వలేదు. ఆమె మాటలో న్యాయం లేకపోలేదని నాకు తోచింది. పెద్దత్తకూ తోచినట్లున్నది. కొంతసేపు మాట్లాడక, "అయితే ముందు రాసుకో" అన్నది.

చెల్లెలు పుస్తకం తెచ్చింది. ఒక్కొక్క ముక్క మీద చేయి పెట్టి పెద్దత్త చెప్పింది, ఆమె వ్రాసింది, సెల్‌ఫోనుతో ఫొటో తీసింది. నిక్కరు, పెండ్లిచీర, ఎద్దులు అమ్మిననాటి చొక్కా. చినిగిన చోట కనబడే బూడిదవన్నె బట్ట దగ్గర గంజికేంద్రం అని వ్రాసుకొన్నది. ఏడు ముక్కల దగ్గర పెద్దత్త ఆగిపోయింది. మా నాయననడిగింది, చిన్నాయననడిగింది. ఎవరికీ తెలియలేదు. పువ్వుల చీటిగుడ్డ ఒకటి, ఎర్రగళ్ళ ముక్క ఒకటి, తక్కినవి తెల్లబట్టలు. అవ్వ ఉన్నప్పుడు అడగవలసిందని ఎవరో అన్నారు. పుస్తకంలో ఆ ఏడింటి ఎదుటా చెల్లెలు ఖాళీ విడిచింది.

తరువాత నీలిచీర పైన కప్పారు. నాలుగు మూలలకు నలుగురు కూర్చున్నారు: పెద్దత్త, మా అమ్మ, స్టీలు డబ్బా తీసుకొన్న చిన్నమ్మ, నా చెల్లెలు. పెద్దత్త కళ్ళు మందగించాయి. ప్రతిసారీ దారం ఎక్కించి ఇవ్వడం నా వంతు. చెల్లెలి వరుస వంకర పోయింది. విప్పుతానంటే పెద్దత్త వద్దన్నది. "ఉండనీ, ఎవరు కుట్టినారో తెలుస్తుంది" అన్నది.

సెలవులు రెండు రోజులే. మూడవనాటి ఉదయం బస్సు వేళకు మూడు వైపులు పూర్తయ్యాయి, నడుమభాగం మిగిలింది. దానిని ఊరిలోనే ఉంచి పీర్ల పండుగకు ముగిద్దామని చిన్నాయన అన్నాడు. పెద్దత్త సూదిని చివరి కుట్టు దగ్గరనే గుచ్చి, మిగిలిన నూలును ఉండగా చుట్టి, బొంతను చాపవలె చుట్టచుట్టింది. బస్సులో పైన పెట్టడానికి చోటు లేదు. చెల్లెలు దానిని ఒడిలో పెట్టుకొని కిటికీ ప్రక్కన కూర్చున్నది.

ప్రశ్నలు

1. బొంత కుట్టే విధానాన్ని మీ మాటలలో వివరించండి.
2. చెల్లెలి అభిప్రాయంలోనూ పెద్దత్త అభిప్రాయంలోనూ ఉన్న న్యాయాన్ని పరిశీలించి, మీరు ఎవరి పక్షమో కారణాలతో వ్రాయండి.
3. మీ ఇంటిలో చేతితో చేసిన పాతవస్తువు ఒకటి ఎంచుకొని, దాని వివరాలను ఇంటి పెద్దలనడిగి ఒక పుటకు మించకుండా వ్రాయండి.