లండన్ నేల కింద ఇటుక సొరంగాలు

లండన్ అనగానే మనకు పెద్ద గడియార స్తంభం, థేమ్స్ నది, కోహినూరు వజ్రం గుర్తుకొస్తాయి. విక్టోరియా రాణి కాలంలో ఆ నగరం కింద కట్టిన మురుగు సొరంగాల గురించి చెప్పేవారు తక్కువ. మాకు మాత్రం వాటి కథే ఎక్కువ నచ్చింది. కారణం చివర్లో చెబుతాము.

అప్పట్లో లండన్ మురుగంతా థేమ్స్‌లోనే కలిసేది. చాలామంది తాగే నీళ్ళూ ఆ నదివే. కలరా వస్తే వేలమంది పోయేవారు. 1854లో జాన్ స్నో అనే డాక్టరు, బ్రాడ్ స్ట్రీట్‌లోని ఒక చేతిపంపు నీళ్ళ వల్లే రోగం పాకుతోందని గుర్తించి, దాని హ్యాండిల్ తీయించాడు. అయినా పెద్దలు నమ్మలేదు. చెడు గాలి వల్లే రోగాలొస్తాయని వారి నమ్మకం. 1858 ఎండాకాలంలో నది కంపు పార్లమెంటు భవనంలోకే వచ్చింది. పరదాలను బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో తడిపి కట్టినా ఆగలేదు. అప్పుడు గాని డబ్బు మంజూరు కాలేదు! పేదల వాడలు ఆ కంపును ఎన్నేళ్ళు భరించాయో వేరే చెప్పాలా?

జోసెఫ్ బజల్‌గెట్ అనే ఇంజనీరు 82 మైళ్ళ పెద్ద సొరంగాలు కట్టించాడు. వీధుల మురుగు నదిలో పడకముందే వాటిలోకి మళ్ళి, ఊరికి తూర్పున దూరంగా పోతుంది. వాటికి మైలుకు రెండడుగుల వాలు పెట్టారు. పల్లపు చోట్ల ఆవిరి యంత్రాలతో పైకి తోడారు. పట్టిన ఇటుకలు సుమారు 31.8 కోట్లు. చాలా సొరంగాలు కోడిగుడ్డు ఆకారంలో, సన్నని కొన కిందికి ఉంటాయి. నీరు తక్కువైనా ఆ ఇరుకులో వేగంగా పారుతుంది, మడ్డి పేరుకోదు. భౌతికశాస్త్రం పుస్తకం దాటి పనిచేయడమంటే ఇదే కదా!

1866లో కలరా మళ్ళీ వచ్చి తూర్పు లండన్‌లో ఐదు వేలమందికి పైగా చనిపోయారు. కొత్త సొరంగాల పని పూర్తికాని ప్రాంతం అదే. ఆ తర్వాత లండన్‌లో అంత పెద్ద కలరా రాలేదు.

ఇంతకు ముందున్న పాత కాల్వల్లోనూ మనుషులు తిరిగేవారు. వారిని టోషర్లు అనేవారు. నదిలో పోటు తగ్గినప్పుడు ఒడ్డున ఉన్న తూముల గుండా లోపలికి దూరి, రొమ్ముకు లాంతరు కట్టుకుని, పొడవాటి కర్రతో బురద కెలికి చిల్లర నాణేలు, ఇనుప ముక్కలు, ఎముకలు ఏరేవారు. పోటు మళ్ళీ పెరిగినా, విషవాయువు తగిలినా అంతే.

మాకు ఈ కథ ఎందుకు నచ్చిందంటే, మాలో కొందరి నాన్నలు, మేనమామలు మ్యాన్‌హోల్‌లో దిగినవారే. రక్షణ లేకుండా అలా దింపడాన్ని 2013 చట్టం నిషేధించింది. చనిపోతే కుటుంబానికి 30 లక్షల రూపాయలివ్వాలని 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు చెప్పింది. లోపల ఉండే హైడ్రోజన్ సల్ఫైడ్ కొంచెమైతే కుళ్ళిన గుడ్డు వాసన వస్తుంది. ఎక్కువైతే ముక్కుకు వాసనే తెలియదు. అందుకే పడినవాణ్ణి తీయబోయిన రెండో మనిషి కూడా పోతుంటాడు. తమ్ముళ్ళూ, సెలవులకు వెళ్ళినప్పుడు ఈ ఒక్క సంగతి ఇంట్లో తప్పకుండా చెప్పండి.