పైకప్పు రేకు: ముడతల బలం, ముఖాల భేదం

పలుచని కాగితాన్ని రెండు పుస్తకాల నడుమ వంతెనవలె పరిస్తే తన బరువుకే కుంగిపోతుంది. అదే కాగితాన్ని విసనకర్రవలె మడతలు పెట్టి పరిస్తే చిన్న డబ్బాను సైతం మోస్తుంది. మడత వల్ల కాగితంలోని పదార్థం మధ్య తలం నుండి పైకీ కిందికీ దూరంగా జరుగుతుంది. వంపును ఎదిరించే శక్తి ఆ దూరపు వర్గాన్ని అనుసరించి పెరుగుతుంది. లండన్ రేవు సంస్థ ఇంజనీరు హెన్రీ రాబిన్సన్ పామర్ 1829లో పేటెంటు పొందిన ముడతల ఇనుప రేకుకు ఆధారం ఈ సూత్రమే.

ఈ బలం ముడతల పొడవునా మాత్రమే లభిస్తుంది. అడ్డంగా రేకు సులువుగా వంగుతుంది. అందుచేతనే రేకును మోసే పర్లిన్లను ముడతలకు అడ్డంగా అమరుస్తారు.

అల ఆకారపు పాత రేకులో పొంగు, పల్లం ఒకే కొలతలో ఉంటాయి. అందువల్ల పైనుండి నొక్కినా, కిందినుండి నెట్టినా దాని బలం ఇంచుమించు సమానం. నేడు ఇళ్లపైనా షెడ్లపైనా విరివిగా కనిపించే ట్రెపీజియం ఆకారపు రేకు వేరు. దానిలో పొంగులు ఇరుకు, వాటి నడుమ చదును వెడల్పు. పదార్థం అధికంగా అడుగున ఉండటం చేత, సాగుడూ నొక్కుడూ లేని తటస్థ అక్షం కూడా అడుగువైపు జరుగుతుంది. దీనినే అసౌష్ఠవం అంటారు.

మనిషి రేకుపై నిలిచినప్పుడు, రెండు పర్లిన్ల నడుమ పొంగు నొక్కుడుకు, చదును సాగుడుకు లోనవుతాయి. తుఫాను గాలి కప్పును పైకి పీల్చినప్పుడు ఇది తారుమారవుతుంది. వెడల్పైన పలుచని చదును నొక్కుడుకు లోనై త్వరగా ముడుచుకుంటుంది. చదునులో ఒత్తిన సన్నని గట్లు ఆ ముడుచుకోవడాన్ని నిరోధిస్తాయి.

బిగింపుల వద్ద మరొక ప్రమాదం ఉంది. 1974 డిసెంబరు 25న ట్రేసీ తుఫాను ఆస్ట్రేలియాలోని డార్విన్ నగరాన్ని ధ్వంసం చేసింది. గాలి పదేపదే లాగి వదలడం వల్ల బిగింపుల చుట్టూ రేకు అలసి చిట్లి, అనేక పైకప్పులు ఎగిరిపోయాయని తరువాతి పరిశీలనలో తేలింది. 2013 అక్టోబరు 12న గోపాల్‌పూర్ సమీపాన తీరం దాటిన ఫైలిన్‌ను, 2018 అక్టోబరు 11న పలాస సమీపాన తీరం దాటిన తిత్లీని చూసిన ప్రజలకు అటువంటి గాలి తెలియనిది కాదు.

కనుక రేకులు వేయించే పౌరులు ఈ విషయాలు గమనించాలి.

1. తయారీదారు సూచించిన ముఖమే పైకి ఉండాలి. అంచు పొంగులో సన్నని కాలువ ఉంటే, ఆ అంచు పక్క రేకు కిందికి రావాలి. లోపలికి పాకే నీటిని ఆ కాలువ ఆపుతుంది. అమరిక తిరగబడితే కప్పు కారుతుంది.

2. చూరు, కొప్పు, మూలల వద్ద గాలి పీల్పు అధికం. అక్కడ స్క్రూలు దగ్గర దగ్గరగా ఉండాలి.

3. తుఫాను కాలానికి ముందే వదులైన స్క్రూలను బిగించి, పగిలిన రబ్బరు వాషర్లను మార్పించాలి. స్క్రూ చుట్టూ రేకు చిట్లి ఉంటే బిగింపు ఒక్కటే చాలదు; ఆ రేకునే మార్చాలి.

4. మరమ్మతుకు పైకెక్కేవారు పర్లిన్ల వరుసపైనే అడుగు వేయాలి. సిమెంటు రేకులు హఠాత్తుగా పగులుతాయి. వాటిపై నేరుగా అడుగు వేయరాదు.