పై అంతస్తు చప్పుడుకు మందేది?

ప్రశ్న: పై ఫ్లాట్‌లో కుర్చీ జరిపినా, పిల్లలు గెంతినా మా నెత్తిమీదే మోగుతోంది. ఫాల్స్ సీలింగ్‌లో థర్మోకోల్ వేయిస్తే తగ్గుతుందా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: థర్మోకోల్‌కు డబ్బు తగలెయ్యకండమ్మా. అది వేడిని ఆపుతుంది గానీ, మరీ తేలిక కాబట్టి శబ్దాన్ని ఆపలేదు. మీ బాధ గాలిలో వచ్చే మాటలది కాదు. దెబ్బకు స్లాబే అదిరి, ఆ అదురు గోడల్లోకీ పాకుతుంది. అందుకే కింద ఏం చేసినా సగం వైద్యమే. మందు వేయాల్సింది పైన: కుర్చీ కాళ్లకు రబ్బరు తొడుగులు, పిల్లలు ఆడేచోట మందపాటి తివాచీ. ఆ ఖర్చు మీరే పెట్టుకున్నా సీలింగ్ కన్నా చవకే! అప్పటికీ తగ్గకపోతే రబ్బరు హ్యాంగర్లకు రెండు పొరల జిప్సం బోర్డు వేలాడదీసి, దానిపైన గ్లాస్‌వూల్ పరిపించండి. అంచుల సందులు సీలెంట్‌తో మూయించండి. ఆ బోర్డుకు లైట్ల కోసం కన్నాలు మాత్రం పెట్టనివ్వకండి.